లైనున్నర

సుబేదారిలో కోర్టు గోడను ఆనుకొని నా డీటీపీ షాపు.
ముప్పై ఏండ్ల సంది ఊళ్ల మొరలన్నీ
నా వేళ్ల మీదుగా పోయినయి,
'గౌరవనీయులైన' నుంచి
'ఇట్లు తమ విధేయుడు' దాకా.

పోయిన ఎండాకాలం
నెక్కొండ దిక్కు నుంచి కట్టవ్వ వచ్చింది.
"మిర్చి ఇత్తనం మోసం జేసిన యేడు
పెద్ద పెద్దోళ్లు కార్లేసుకొని వచ్చిండ్రు బిడ్డా,
సభల చదువుతమన్నరు.
మా ఓదెలు గంటసేపు చెప్పిండు.
ఆ కాయితం కావాలె."

సభా సంఘం నివేదిక అన్నమాట.
ఏ యేడు అవ్వా?
"చెట్టు నిండ ఆకే, కాయ లేని యేడు."
నంబరు అడిగితే నవ్వింది.

మా అక్క బిడ్డ ప్రసూన కాజీపేటలో కూసోని
కంప్యూటర్లకు పని నేర్పుతది.
ఆమె ఏజెంటును అడిగినం.
రెప్ప కొట్టేలోపు చెప్పింది:
నివేదిక పేరు, తేదీ, ఏడు సిఫారసులు,
ఓదెలుకు ఇంత పరిహారమని కూడా.
ఎనుమాముల యార్డులో తువ్వాల కింద
వేళ్లు పట్టి ధర చెప్పే అడ్తిదారు సుత
అంత నమ్మకంగా చెప్పడు.
కట్టవ్వకు ఫోను కలుపబోయిన.
ప్రసూన చెయ్యి అడ్డం పెట్టింది.
"ఆగు మామా, దానికి నోరిచ్చిన. కాళ్లియ్యలే."

ఆ వారమంతా దానికి కాళ్లు కట్టింది.
వెతికే పనిముట్టు ఒకటి,
సంఘం పేరు, జిల్లా చెప్తే పోయి బీరువా ముందు నిలబడేది.
పేజీలు తెరిచేది ఒకటి.
చెప్పిన ప్రతి ముక్కకూ పేజీ నంబరు అడిగి
లేకుంటే నోరు మూయించేది ఇంకోటి.
ఆఖర్న, బడికి పంపే పిల్లకు చెప్పినట్టు రాసింది:
దొరకకపోతే దొరకలేదని చెప్పు, సిగ్గు లేదు.

అది పోయి తెచ్చింది.
కంటికి తెలుగే, రెండు వందల పేజీలు.
అక్షరం పీకబోతే మాత్రం
డాలరు గుర్తులు, తోకలు తెగిన ఇంగ్లీషు ముక్కలు.
ప్రసూన మొఖం వాడింది.
నేను నవ్విన.
పాత అను ఫాంటు, పిల్లా! నాకు బుక్క పెట్టింది అదే.
ఏ మీట కింద ఏ వత్తు దాక్కుంటదో
నా చిటికెన వేలు నిద్రలో చెప్తది.
రెండు రాత్రులు నేను చెప్పిన, ఆమె రాసుకున్నది.
అట్ల పుట్టింది నాలుగో పనిముట్టు.
పేరు 'మామ' అని పెట్టింది.

నూట నలభై ఆరో పేజీ, కింద నుంచి మూడో పేరా:
'సాక్షి శ్రీ ఓదెలు, నకిలీ విత్తనముల వలన నష్టము
వాటిల్లినదని తెలిపిరి. నమోదు చేయడమైనది.'

గంటసేపు చెప్పిన మనిషి
లైనున్నర.

పూర్తి వాంగ్మూలం అనుబంధం 'ఉ'లో చూడుమన్నరు.
తెమ్మన్నం.
ఏజెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది,
తెర మీద దాని అడుగులు కనిపిస్తనే ఉన్నయి.
'అ' ఉన్నది. 'ఆ', 'ఇ', 'ఈ' ఉన్నయి.
'ఉ' దొరకలేదు, అని రాసి ఊకున్నది.
ఓదెలు ఏమని ఉంటడో అల్లలేదు.
ఇన్నేండ్లలో ఏ ఆఫీసు కిటికీ కూడా
ఆ మాట అంత సాఫుగా చెప్పలేదు నాతో.
అన్నీ 'రేపు రా' అన్నయే.

కట్టవ్వ ప్రింటు తలకిందులుగా పట్టుకున్నది.
"ఏ గీతల ఉన్నడు?"
తిప్పి చూపిన.
పేరు మీద బొటనవేలు పెట్టి
ఎవరో నిశాని అడిగినట్టు
చానాసేపు తియ్యలేదు.
"మిగిలింది?"
దొరకలేదవ్వా.
"నాకెరుకే గద, పక్కన్నే ఉంటి. రాసుకుంటవా?"

కరెంటు పోయి ఇన్వర్టరు కూతపెట్టింది.
కొత్త పేజీ తెరిచి
'అనుబంధం ఉ' అని కొట్టిన.
చెరిపేసిన.
'కట్టవ్వ చెప్పినది' అని కొట్టి
ఆమె దిక్కు చూసిన.